శ్రీ ఝాన్సీ టెంట్ హౌస్ వారి మస్తాన్‌రావు

శ్రీ ఝాన్సీ టెంట్ హౌస్ ఒక గురువారం మధ్యాహ్నం చీరాల మునిసిపల్ ఆఫీసు మూడో కౌంటరు దగ్గర యజమాని మస్తాన్‌రావు ఒంట్లోంచి బయటికొచ్చి, చొక్కా సర్దుకుని పక్కనే నిలబడింది. గుమాస్తా తలెత్తి ఇద్దరినీ ఒకసారి చూసి, "ఇక్కడ మీరు, ఇక్కడ మీ షాపు" అని సంతకాలకు చోటు చూపించాడు. సంతకం పెట్టేదాకా షాపును 'అది' అనీ, పెట్టాక 'అతను' అనీ అనడం ఆఫీసు పద్ధతి. వెనక ఒక ఫ్యాన్సీ స్టోరు, రెండు కిరాణా కొట్లు విడిపోవడానికి వరసలో ఉన్నాయి గనక ఆ ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు తేరిపార చూసుకునే తీరిక కూడా దొరకలేదు.

చీరాలలో ఇది కొత్తేమీ కాదు. సాయంత్రం పూట పార్కుకు వెళితే విడిపోయిన వ్యాపారాలు బోలెడు కనబడతాయి. గడియారస్తంభం దగ్గరి బేకరీ బొద్దుగా, వెనీలా వాసన వేస్తూ బెంచీ మీద కూర్చుని ఉంటాడు. మెడికల్ షాపు ఎవరు తుమ్మినా తలతిప్పి చూస్తాడు. జిరాక్స్ సెంటరు నిన్న మాట్లాడినవాడేనా, వేరేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. షాపును ఒంట్లోనే పెట్టుకుని తిరిగేవాళ్లు ఇప్పుడు ఊళ్లో తక్కువ. మస్తాన్‌రావు ఆ తక్కువమందిలో ఒకడిగా చాలాకాలం ఉన్నాడు. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, మైకు సెట్లు అద్దెకిచ్చే మనిషికి విడిపోవడానికి ఖాళీ ఎక్కడిది?

అతన్ని ఒప్పించినవాడు ఇన్సూరెన్సు ఏజెంటు అగస్టీను.

"ఇంటి పాలసీ వేరు, షాపు పాలసీ వేరు మస్తానూ," అని ఏడాదిపాటు పోరుపెట్టాడు. "నీ కుక్క ఎవుర్నన్నా కరిస్తే ఇంటి పాలసీ కడుద్ది. నీ గుంజ ఎవురి మీదన్నా పడితే షాపు పాలసీ కడుద్ది. మీరిద్దరూ ఒకే చొక్కాలో ఉంటే ఎవురి తప్పుకి ఏ పాలసీ కట్టాలో కంపెనీకి అర్థం గాదు. అర్థం గాకపోతే కట్టరు. రేపు గుంజ పడిందనుకో, షాపుతో పాటు నీ ఇల్లు గూడా పోద్ది."

"నాకు కుక్క లేదుగా."

"పెంచుకో. పాలసీ ఉంది గదా."

ఇల్లు పోతుందన్న మాటకు మస్తాన్‌రావు భార్య ఝాన్సీ భయపడింది. పెళ్లయ్యాక షాపుకు తన పేరే పెట్టినా, ఆమెకు ఇల్లే ముఖ్యం. వెళ్లి విడిపోయి రమ్మని తనే మొగుణ్ణి గురువారం పూట తోలింది.

సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికొచ్చారు. టెంట్ హౌస్ ఆరడుగుల పైచిలుకు మనిషి. ఎరుపు, పసుపు, నీలం చారల చొక్కా, టార్పాలిన్ వాసన, నవ్వితే సీరియల్ లైట్లు వెలిగినట్టు ఒక పక్కనుంచి రెండో పక్కకు పాకే నవ్వు. మాట్లాడబోయే ముందు ప్రతిసారీ "హలో, హలో" అని గొంతు సరిచూసుకుంటాడు. కూర్చోమంటే తన కుర్చీ తనే తెచ్చుకుని వేసుకున్నాడు. ఏ వరసన పిలవాలా అని ఝాన్సీ గడపలో నిలబడి కాసేపు ఆలోచించింది. మొగుడి తరవాత పుట్టాడు గనక మరిది అవుతాడని తేల్చుకుని, కాళ్లకు నీళ్లిచ్చింది.

"హలో, హలో. వదినా, నాకోసం ప్రత్యేకంగా ఏం చెయ్యమాక. ఎంతమందికైనా గిన్నెలు నా దగ్గరే ఉంటై," అన్నాడు టెంట్ హౌస్. పక్కవీధిదాకా వినబడింది.

మర్నాటినుంచీ వ్యాపారం అతనే చూసుకున్నాడు. బ్రహ్మాండంగా చూసుకున్నాడు. పొద్దున్నే లేచి షామియానాలు వేయించాడు, పెళ్లివాళ్లు దాచేసుకున్న గరిటెలు వాసన పట్టి వెనక్కి తెచ్చాడు, అరువు అడిగినవాళ్లను మైకులో పలకరించాడు. షాపుకు సొంతబుర్ర ఉంటే షాపు ఎంత బాగా నడుస్తుందో చూసి మస్తాన్‌రావు ముందు మురిసిపోయాడు, తరవాత కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, ఆ తరవాత స్నానం చేసి వసారాలో కూర్చున్నాడు.

కూర్చోవడం అతనికి కొత్త. కూతురు అత్తారింటికి వెళ్లాక ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొగుడు మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండడం ఝాన్సీకీ కొత్తే. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు మర్యాదగా చూసుకున్నారు. అతనికి చిక్కుడుకాయ కూర పడదని ఆమెకు ఆ వారమే తెలిసింది. ఇన్నాళ్లూ ఫంక్షన్లలోనే తిని వచ్చేవాడు. ఆమె పని చేసుకుంటూ సన్నగా పాడుతుందని అతనికి తెలిసింది. వంకాయలు తరగమంటే ఒక ఊరికి సరిపడా తరిగాడు. నలుగురు చుట్టాలు వస్తే గుమ్మం నుంచి తలలు లెక్కపెట్టి, "కుర్చీలు చాలవు" అని కంగారుపడ్డాడు. మబ్బు పట్టిందంటే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

"ఎక్కడికయ్యా?" అనేది ఝాన్సీ.

"పరదాలు తడుస్తై."

"అయ్యి నీయి కాదు. మరిదిగారియ్యి. కూకో."

కూర్చునేవాడు. వాన పడుతుంటే వసారాలో కూర్చుని, తనది కాని వానను చూడడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేక ఊరికే నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఝాన్సీ కూడా నవ్వేది. పెళ్లయిన కొత్తలో తీరాల్సిన ముచ్చట ఇప్పుడు తీరుతోందని ఎదురింటివాళ్లు మెటికలు విరిచారు.

ఇంతలో పేరాలలో వాళ్లకు బాగా కావలసినవాళ్లింట్లో పెళ్లి వచ్చింది. శుభలేఖలు రెండు వచ్చాయి, దంపతులకొకటి, టెంట్ హౌస్‌కొకటి. మస్తాన్‌రావు తన జన్మలో మొదటిసారి ఒక పెళ్లికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో మేకులసంచీ లేకుండా వెళ్లాడు. గుమ్మంలో ఎవరో అతని మీద పన్నీరు చల్లారు. అతను ఉలిక్కిపడి చొక్కా దులుపుకోబోయి, ఇది తనకేనని తెలుసుకుని మళ్లీ వెళ్లి చల్లించుకున్నాడు. ముందువరసలో కూర్చున్నాడు. కుర్చీ మీద ఎక్కి నిలబడడం తప్ప దాని మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అతనికి ఆరోజే తెలిసింది.

తలంబ్రాల వేళకు అందరూ పెళ్లికొడుకునీ పెళ్లికూతురునీ చూస్తుంటే, మస్తాన్‌రావు కళ్లు మాత్రం ఈశాన్యం మూలకు పోయాయి. అక్కడ మోకు ముడి కొంచెం వదులుగా ఉన్నట్టనిపించింది. నిజానికి అది వదులు కాదు, టెంట్ హౌస్ పద్ధతి వేరు. అన్ని మోకుల్నీ ఒకదానికొకటి ఆనించి కడతాడు. మస్తాన్‌రావుకు ఆ సంగతి తెలియదు. కూర్చోవాలని చాలా ప్రయత్నించాడు. రెండు చేతులూ తొడలకింద పెట్టుకున్నాడు. చివరికి లేచి, ఎవరూ చూడకుండా మూలకు వెళ్లి, ఆ ముడి విప్పి తన ముడి వేశాడు. గట్టి ముడి. ముప్పై ఏళ్లలో ఏ గాలికీ ఊడని ముడి.

షామియానా మొత్తం దిగివచ్చింది.

అంత నెమ్మదిగా, అంత అందంగా ఏ షామియానా పడి ఉండదని చూసినవాళ్లంతా ఒప్పుకున్నారు. ఎర్రటి, పచ్చటి వెలుగు అందరి మీదా దుప్పటిలా పరుచుకుంది. కింద తలంబ్రాలు ఆగలేదు. ఎవరి తల మీద ఎవరు పోస్తున్నారో తెలియక పెళ్లికూతురు పురోహితుడి నెత్తిన దోసిళ్లకొద్దీ పోసింది. భోజనాల బంతిలో వడ్డించేవాళ్లు గుడ్డకింద మోకాళ్ల మీద పాకుతూ వడ్డించారు. పిల్లలు ఇంకోసారి, ఇంకోసారి అని అరిచారు. అంతటి సంబరంలోనూ ఒక గుంజ మాత్రం వంకరగా పడి, పెళ్లికూతురు మేనమామ వీరరాఘవులు కాలు విరగ్గొట్టింది. ఆయన రిటైరయిన డ్రిల్లు మాస్టారు. నొప్పికి కేక వేయడం అలవాటులేక జేబులోంచి విజిల్ తీసి ఊదారు. గుడ్డకింద ఆయన ఎక్కడున్నదీ మిగతావాళ్లు ఆ విజిల్ వల్లే తెలుసుకున్నారు.

కాలికి ఆపరేషన్ అన్నారు. రాడ్డు వేయాలన్నారు. ముడి మార్చింది తనేనని మస్తాన్‌రావు అందరి ముందూ ఒప్పుకున్నాడు. మర్నాడు అగస్టీను రెండు పాలసీలూ చంకలో పెట్టుకుని వచ్చి, వసారాలో కూర్చుని రెండూ మొదటినుంచీ చివరిదాకా తిరగేశాడు.

"షాపు పాలసీ రాదు," అన్నాడు చివరికి. "ఆ ముడి షాపు వెయ్యలేదు, షాపు పనివాడూ వెయ్యలేదు. పెళ్లికొచ్చిన చుట్టం వేశాడు."

"మరి ఇంటి పాలసీ?" అంది ఝాన్సీ.

"అదీ రాదమ్మా. ఇంటి పాలసీకి యాపారంతో సంబంధం ఉండగూడదు. మోకు, గుంజ, షామియానా అన్నీ యాపారమే గదా. రెండు పాలసీలూ బంగారంలాంటియ్యే. కానీ రెండిటికీ మధ్యన ఓ సందుంది. మీ ఆయన సరీగ్గా పోయి ఆ సందులో నిలబడి ముడేశాడు."

"ఆ సందుకి పాలసీ లేదా?"

"ఆ సందులోనే అందరూ ఉంటారమ్మా. దానికి పాలసీ ఇస్తే కంపెనీ ఉండదు."

ఆ రాత్రి ముగ్గురూ కూర్చుని లెక్కలు వేశారు. డబ్బు ఇచ్చుకోవాలంటే ఇల్లయినా అమ్మాలి, షాపునయినా మూసెయ్యాలి. మూసేస్తే టెంట్ హౌస్ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టి, మళ్లీ 'అది' అయిపోయి, ఆ తరవాత ఏమీ కాకుండా పోతాడు. అతను కుర్చీలో ముడుచుకుని కూర్చుని, జీవితంలో మొదటిసారి చిన్నగొంతుతో మాట్లాడాడు.

"నన్ను మూసెయ్ వదినా. ఇల్లు ఉంటే మీరన్నా ఉంటారు."

"నోర్ముయ్," అంది ఝాన్సీ. "ఇంటికొచ్చిన మరిదిని మూసేసుకునే రకం కాదు మేం."

మస్తాన్‌రావు తన రెండు చేతులనూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నవాడిలా చూస్తూ ఉండిపోయాడు.

వారం తిరక్కుండా కంపెనీ విచారణాధికారి గుంటూరు నుంచి వచ్చింది. పేరు త్రిపురసుందరి. నెమ్మదస్తురాలు, అన్యాయం చేసే మనిషి కాదు. కాఫీ కూడా విచారణ అయ్యాకే తాగుతానంది. ముడి వేసినప్పుడు మస్తాన్‌రావు మామూలు మనిషా, వ్యాపారమా అన్నది తేలాలంది. మనిషే అయితే అంతకుముందు కూడా ఎప్పుడో ఒకప్పుడు మనిషిగా ఉన్న దాఖలా ఏదైనా కావాలంది.

"మీ పెళ్లినాడు ఈయన ఏం చేస్తున్నారమ్మా?"

"మా పందిరి తనే ఏసుకున్నాడు మేడం. తాళి కట్టేటప్పుడు గూడా ఓ చేతిలో సుత్తి ఉంది."

"అమ్మాయి పుట్టినప్పుడు?"

"వేటపాలెంలో కుర్చీలు దించుతన్నాడు."

"పండగలకి? పబ్బాలకి?"

"పండగలే గదా మేడం గిరాకీ."

"ఒంట్లో బాగాలేనప్పుడు?"

ఝాన్సీ ఆలోచించింది. "బాగాలేదని ఆయనకి ఎవురూ చెప్పలేదండీ," అంది.

త్రిపురసుందరి ఓటరు కార్డు అడిగి చూసింది. ఫొటోలో మస్తాన్‌రావు వెనక షామియానా ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని ఈసారి అతన్నే అడిగింది.

"వ్యాపారం సంగతి వదిలెయ్యండి. మీకు, మీకంటూ, ఏమిటి ఇష్టం?"

మస్తాన్‌రావు నిజాయితీగా వెతుక్కున్నాడు. ఎంత వెతుక్కున్నాడంటే అగస్టీను రెండుసార్లు దగ్గాడు.

"వాన పడకుండా ఉండడం," అన్నాడు.

అధికారి తలూపి రాసుకుంది. దాఖలాలు ఏవీ లేవు గనక మస్తాన్‌రావు అనే ప్రత్యేకమైన మనిషి ఇదివరకు ఉన్నట్టు తేలలేదనీ, లేని మనిషికి ఇంటి పాలసీ ఇవ్వడం ఏజెంటు పొరపాటనీ, కట్టిన ప్రీమియం వాపసు ఇస్తారనీ చెప్పింది. అగస్టీను మొహం మాడ్చుకున్నాడు. కానీ అలాగైతే ముడి ఎవరు వేసినట్టు అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉందంది. షాపు పనివాడు అనుకుందామంటే, ముప్పై ఏళ్లలో అతను ఒక్కసారి కూడా జీతం తీసుకోలేదు.

అప్పుడు టెంట్ హౌస్ లేచి నిలబడ్డాడు.

"హలో, హలో. మేడం, నాదో సందేహం. షాపులోనే పడి ఉండి, షాపు పనే చేస్తా, జీతం అడక్కుండా, సెలవు పెట్టకుండా, ఎక్కడ దించితే అక్కడ ఉండేదాన్ని మీ పుస్తకంలో ఏమంటారు?"

త్రిపురసుందరి పుస్తకం తిరగేసింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. ఆమె మొహం విప్పారింది.

"సామాను," అంది.

ఆ మాటతో అన్నీ చకచకా కుదిరిపోయాయి. మస్తాన్‌రావు టెంట్ హౌస్ వారి సామాను. పెళ్లినాడు సామాను సరిగ్గా పనిచెయ్యక షామియానా పడింది. సామాను వల్ల మూడోమనిషికి దెబ్బ తగిలితే షాపు పాలసీ మొత్తం కట్టాలి. క్లెయిము అక్కడికక్కడే మంజూరయింది. సామాను జాబితాలో గంగాళాలకూ మైకు సెట్లకూ మధ్య కొత్తగా ఒక వరస చేరింది. "మస్తాన్‌రావు, ఒకటి. వాడకంలో ఉన్నది. మోకాళ్లు కొద్దిగా అరిగినవి." ఝాన్సీ అందరికీ కాఫీలిచ్చింది. సంతోషం పట్టలేక టెంట్ హౌస్ వీధిలోకి వెళ్లి సీరియల్ లైట్లన్నీ వెలిగించాడు. పట్టపగలే వెలిగించాడు.

మస్తాన్‌రావుకు ఒకటే అనుమానం మిగిలింది.

"నేను వానకి తడిస్తే?"

"నీటివల్ల నష్టం పాలసీలోనే ఉంది," అంది అధికారి. "ఆరబెట్టుకోవడానికి ఖర్చు కూడా ఇస్తారు."

ఇన్నేళ్లలో అతను తడిస్తే పట్టించుకుంటామని ఎవరూ అనలేదు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. మర్నాడు పెయింటరు వచ్చి గుండిగల మీద రాసినట్టే అతని చొక్కా వీపున 'శ్రీ ఝాన్సీ టెంట్ హౌస్' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. బ్రష్షు వీపు మీద పాకుతుంటే మస్తాన్‌రావుకు చక్కిలిగింతలు పుట్టి గట్టిగా నవ్వాడు. డ్రిల్లు మాస్టారు కూడా చంకకర్రలతోనే షాపుకు వచ్చి, తన వయసులో అంత బాగా జరిగిన పెళ్లి చూడలేదని చెప్పి, మనవడి పుట్టినరోజుకు ఆ షామియానానే కావాలని మాట్లాడుకుని వెళ్లారు. మధ్యలో ఒకసారి పడేట్టు కట్టమన్నారు.

గిరాకీ పెరిగింది. "కుర్చీలు రెండొందలు, గుండిగలు నాలుగు, మస్తాన్‌రావు ఒకటి" అని రాయించుకోవడం ఊళ్లో అలవాటయింది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో గుంజల పక్కన కూర్చుని వెళ్లేవాడు, ఫంక్షన్ అయ్యాక లెక్క చూసి దించేవాళ్లు. పనికి పని, పైగా ఏ తప్పూ తనది కాదు. ఇంత నిశ్చింతగా అతను ఎన్నడూ లేడు. సామాను గోడౌనులోనే ఉండాలన్న నిబంధన ఒకటి ఉండడంతో రాత్రుళ్లు మాత్రం పరదాల మడతల మీద పడుకునేవాడు. పరదాలు మెత్తగా ఉంటాయి.

ఒక సాయంత్రం ఝాన్సీ షాపుకు వచ్చింది. పొరుగున మెడికల్ షాపు ముందూ, బేకరీ ముందూ కూడా వాటి యజమానుల పెళ్లాలు వరసలో నిలబడి ఉన్నారు. ఆమె టెంట్ హౌస్ ఎదురుగా కూర్చుని, చెంగు సర్దుకుంది.

"మరిదిగారూ, వచ్చే ఆదివారం మీ అన్నయ్య ఖాళీయేనా? వాడరేవు సముద్రం చూడాలని ఉంది."

టెంట్ హౌస్ ఇబ్బంది పడ్డాడు. "నీ దగ్గర అద్దె తీసుకోవాలంటే నాకు నోరు రావట్లా వదినా. కానీ రశీదు లేకుండా సామాను గడప దాటితే పాలసీ చెల్లదు."

"రాయి నాయనా. నేనేమన్నా వద్దన్నానా?"

సగం అద్దెకు రాశాడు. సాయంత్రం దీపాలవేళకు తిరిగి అప్పజెప్పాలన్నాడు, ఉప్పునీళ్లు ఎక్కువ తగలనివ్వద్దన్నాడు. రశీదు ఇస్తూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆదివారం ఇద్దరూ ఆటోలో వాడరేవు వెళ్లారు. అన్నేళ్లుగా పక్కనే ఉన్న సముద్రం దగ్గరికి మస్తాన్‌రావు ఎప్పుడూ పని లేకుండా రాలేదు. పంచె పైకి కట్టి మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు. అల వచ్చి పడేసింది. లేచి మళ్లీ నిలబడ్డాడు. ఝాన్సీ ఒడ్డున మొక్కజొన్నపొత్తు తింటూ చూసి చూసి, తనూ చీర కుచ్చిళ్లు ఎత్తి దిగింది. పెద్ద అల వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కేకలు పెట్టారు. చెయ్యి పట్టుకోవడం రశీదులో లేదు, ఉండకూడదనీ లేదు.

పొద్దు వాలింది. ఆటోవాడు హారను కొట్టాడు.

"ఇంకాసేపు కూకుందామయ్యా," అంది ఝాన్సీ ఇసుకలో చతికిలబడి.

"ఆలస్యమైతే రెండోరోజు అద్దె పడుద్ది."

"పడనియ్."

మస్తాన్‌రావు పక్కన కూర్చుని, పంచె అంచు పిండుకుంటూ కాసేపు లెక్క వేశాడు. పెళ్లాం డబ్బు వృథా కావడం అతనికి ఇష్టం లేదు.

"ఇట్టా రోజుకింతని మాట్లాడుకుంటే నీకు గిట్టుబాటు కాదే," అన్నాడు. "ఆషాఢంలో అడుగు. ముహూర్తాలుండవు. నెలంతా చవగ్గా ఇస్తాడు."

ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్లందరూ మొగుళ్లని వదిలి పుట్టింటికి పోయే నెలలో తనకు మొగుడు దొరుకుతాడన్నమాట. ఆ మాటకు ఝాన్సీ ఒళ్లంతా కదిలేలా నవ్వింది. నవ్వి, రొంటిన దోపుకున్న చిన్న పర్సు బయటికి తీసింది.

"అయితే పోతా పోతానే అడ్వాన్సు ఇచ్చేద్దాం," అంది. "ఇంకెవురన్నా రాయించుకోకముందే."